భువనగిరి బండకు ఒక తేదీ ఉంది



మే 25 అంటే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ముందుగా గుర్తొచ్చేది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలంటారు పెద్దలు. పొద్దున తొమ్మిది దాటితే చెప్పుల్లేని కాలు బండ మీద ఆనదు. బడులకు సెలవులు, ఇళ్లల్లో పెళ్లిళ్లు, కుంటల్లో నెర్రెలు. 2014లోనూ ఆ తేదీ ఇలాంటి ఎండకాలంలోనే వచ్చింది. ఆ పొద్దున, మన బండ మీద ఎక్కడం నేర్చుకున్న ఇద్దరు పిల్లలు ఎవరెస్టు కొన మీద నిలబడ్డారు.

ఒకరు మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, కూలి పనులు చేసుకునే లంబాడా కుటుంబం. అప్పటికామె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో అంత చిన్న వయసు అంతకుముందు ఎవరికీ లేదు. రెండో పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్, ఖమ్మం జిల్లా వాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటున్నవాళ్లే.

ఇద్దరిలో ఎవరిదీ నల్లగొండ కాదు, పాలమూరూ కాదు. అయినా దీన్ని మన తేదీ అని నేను గట్టిగా అంటున్నాను. వాళ్లు మొట్టమొదట తాడు నడుముకు కట్టుకున్నది, రాయి మీద పాదం ఎలా ఆనించాలో నేర్చుకున్నది అప్పటి నల్లగొండ జిల్లా భువనగిరిలో. రైల్లో వరంగల్ వైపు పోయే ప్రతి ఒక్కరూ కిటికీలోంచి చూసే ఆ బోడి బండ మీద. శిఖరం పేరు అందరికీ తెలిసింది. బండ పేరు ఎవరూ తలవలేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ బండ గురించే.

అంతకంటే ముందు, ఇదే మే 25ను ఇంకో ఊరు ఎలా నిలుపుకుంటుందో చెప్పాలి. ఆ ఊరు స్కాట్లండ్‌లోని గ్లాస్గో. 1967 మే 25న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఐరోపా క్లబ్బుల ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. ఒకవైపు ఇటలీకి చెందిన ఇంటర్ మిలాన్, అంతకు ముందే రెండుసార్లు ఆ కప్పు గెలిచిన జట్టు. మరోవైపు గ్లాస్గో వాళ్ల సెల్టిక్. ఆట మొదలైన కాసేపటికే ఇంటర్ పెనాల్టీతో ఒక గోలు కొట్టింది. ఆ తర్వాత ఆటంతా సెల్టిక్‌దే. టామీ గెమెల్ గోలుతో సమం చేశారు, స్టీవీ చామర్స్ గోలుతో గెలిచారు. బ్రిటన్ నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి క్లబ్బు అదే. మేనేజర్ జాక్ స్టీన్ ఒకప్పుడు బొగ్గు గనిలో దిగి పనిచేసినవాడు. ఆ రోజు మైదానంలో దిగిన పదకొండు మందీ గ్లాస్గోకు 30 మైళ్ల లోపు పుట్టినవాళ్లే.

ఈ చివరి మాట స్కాట్లండ్‌లో పసిపిల్లలు కూడా చెప్తారు. గోల్స్ లెక్క మరిచిపోయినవాళ్లు కూడా 30 మైళ్ల సంగతి మరిచిపోరు. స్టేడియంలో ఒక స్టాండుకు ఆ ఆటగాళ్ల పేరు పెట్టుకున్నారు. ప్రతి ఏడూ మే నెలలో ఆ కథ మళ్లీ చెప్పుకుంటారు. ఆ క్లబ్బు పుట్టుక కూడా వినదగ్గది. 1887లో వాల్‌ఫ్రిడ్ అనే క్రైస్తవ మఠ సోదరుడు గ్లాస్గో తూర్పు పేటల్లో ఆకలితో ఉన్న పిల్లలకు అన్నం పెట్టడానికి డబ్బు కావాలని దాన్ని మొదలుపెట్టాడు. పేద పిల్లల అన్నం కోసం పుట్టిన క్లబ్బు ఎనభై ఏళ్లకు ఐరోపా కప్పు ఎత్తింది. వాళ్లు పండుగ చేసుకునేది ఒక ఆటకు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ ఆట వెనకున్న తమ చోటుకు చేసుకుంటున్నారు.

మనకూ ఒక 30 మైళ్ల కథ ఉంది. అందులో మొదటిది భువనగిరి బండ.

అది ఒకే రాయి. కింది నుంచి చూస్తే ఐదు వందల అడుగులకు పైగా లేచిన ఏకశిల. దక్కన్ గ్రానైటు వయసు 250 కోట్ల సంవత్సరాల వరకు ఉంటుందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. ఎండకు ఉబ్బి, చలికి ముడుచుకుని, వందల వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పైపెచ్చు ఊడిపోతూ ఈ గుట్టలకు ఆ గుండ్రటి నున్నటి రూపం వచ్చింది. పశ్చిమ చాళుక్యుల్లో త్రిభువనమల్ల బిరుదున్న ఆరో విక్రమాదిత్యుడు ఆ బండ నెత్తిన కోట కట్టించాడు. తర్వాత కాకతీయుల చేతికి, గోల్కొండ వారి చేతికి వచ్చింది. 1709లో సర్వాయి పాపన్న ఈ కోట మీదికి దాడికి వచ్చాడు. కోట కట్టినవాళ్లు ఈ బండను ఎంచుకోవడానికి కారణం ఒక్కటే, దీన్ని ఎక్కడం కష్టం. పైకి చెక్కిన మెట్ల దారి ఒకటి వదిలేస్తే మిగతా వైపులన్నీ వాలు, జారుడు. శత్రువు ఎక్కకూడదని ఎంచుకున్న బండనే, తొమ్మిది శతాబ్దాల తర్వాత పిల్లలకు ఎక్కడం నేర్పడానికి ఎంచుకున్నారు.

2013లో గురుకులాల నుంచి వందమందికి పైగా పిల్లలను ఇక్కడికి తెచ్చారు. అప్పుడు సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ కార్యదర్శిగా ఉన్నది ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. శిక్షణ ఇచ్చినవారు పర్వతారోహకుడు బి. శేఖర్ బాబు, ఆయన బృందం. మొదటిసారి ఆ బండను చూసినప్పుడు కాళ్లు వణికాయని పూర్ణ తర్వాత చెప్పింది. ఆ మాట నాకు చాలా నచ్చుతుంది. కింద నిలబడి తలెత్తి చూస్తే ఎవరికైనా వణకాల్సిందే.

ఇక్కడ ఏం నేర్పుతారో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మన పిల్లలు పుట్టినప్పటి నుంచి గుట్టలెక్కుతూనే ఉంటారు కదా, ఇందులో నేర్పడానికి ఏముందని చాలామంది అడుగుతారు. మేకల వెంట గుట్టెక్కడం వేరు, తాడుతో బండ ఎక్కడం వేరు. భయపడ్డ మనిషి చేసే మొదటి పని రాతికి కరుచుకుపోవడం. ఒంటిని బండకు అదిమిపెట్టగానే పాదం మీద బరువు తేలిపోతుంది, పాదం జారుతుంది. నడుమును బండకు ఎడంగా ఉంచి బరువంతా పాదాల మీదికి వదలాలి. అప్పుడే బూటు అడుగున ఉన్న రబ్బరు గ్రానైటు గరుకును పట్టుకుంటుంది. భయం ఏది చెయ్యమంటుందో దానికి ఎదురు చెయ్యడమే మొదటి పాఠం. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ రాతిని ఆనే ఉండాలి, నాలుగోది మాత్రమే కదలాలి. చేతుల బలంతో గుంజుకుంటూ పోతే సగం దారిలో చేతులు చచ్చుబడిపోతాయి, ఎక్కాల్సింది కాళ్లతో.

తాడు సంగతి ఇంకొకటి. నడుముకు హార్నెస్, దానికి కారాబినర్ అనే లోహపు కొక్కెం, దాన్లోంచి తాడు. పైన ఎక్కుతున్నవాళ్ల తాడు ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఎక్కేవాళ్లు కదిలిన కొద్దీ తాడు సర్దాలి, జారితే ఆ క్షణంలో బిగించాలి. తాడు పట్టుకున్నవాళ్లు చూపు పక్కకు తిప్పకూడదు. పన్నెండు, పదమూడేళ్ల పిల్ల చేతిలో తన తోటిపిల్ల ప్రాణం ఉంటుంది. హాస్టల్లో నిన్న పోట్లాడుకున్నవాళ్లయినా సరే. దిగేటప్పుడు మరీ కష్టం. బండ అంచున వీపు లోయ వైపు పెట్టి, తాడు మీద నమ్మకంతో వెనక్కి వాలాలి. ఆ మొదటి అడుగు వేయలేక ఏడ్చిన పెద్దవాళ్లూ ఉంటారు. భువనగిరిలో ఆ పిల్లలు నేర్చుకున్నది ఇదంతా.

అక్కడి నుంచి ఇరవై మంది దాకా డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. 1954లో స్థాపించిన ఆ సంస్థలో శిక్షణకు మొదటి డైరెక్టర్‌గా పనిచేసింది, ఎవరెస్టు మొదట ఎక్కిన ఇద్దరిలో ఒకరైన టెన్సింగ్ నార్గేనే. అక్కడ మంచు మీద నడవడం నేర్చుకుని, పదిహేడు వేల అడుగుల రెనాక్ కొండ ఎక్కారు. తర్వాత చలికాలంలో లడఖ్. చివరికి మిగిలింది ఇద్దరు.

ఇక మన 30 మైళ్ల కథలో రెండో చోటు సర్వేల్. సంస్థాన్ నారాయణపురం మండలం, ఇదీ అప్పటి నల్లగొండ జిల్లాయే. 1971లో ముఖ్యమంత్రిగా పి.వి. నరసింహారావు గారు రాష్ట్రంలో మొదటి గురుకుల పాఠశాలను ఇక్కడ తెరిచారు. పల్లెటూరి పిల్లలను ఒకచోట ఉంచి, అన్నం పెట్టి, మంచి చదువు చెప్పాలన్న ఆలోచనకు మన రాష్ట్రంలో మొదటి ఇల్లు సర్వేల్. తర్వాత 1980లలో ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి ఐఏఎస్ అధికారుల పట్టుదలతో దళిత, గిరిజన పిల్లలకు సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. పూర్ణ తాడ్వాయి గురుకులంలో ఉండకపోతే భువనగిరికి వచ్చేది కాదు. ఆ గురుకులాల వరసకు మొదలు సర్వేల్. గురుకులానికీ, తాడుకూ, రెండింటికీ ఒకే జిల్లా పుట్టిల్లు అయింది. సెల్టిక్ అభిమానులు 30 మైళ్ల లెక్క చెప్పుకున్నట్టు మనమూ సర్వేల్ నుంచి భువనగిరి దాకా వేలుపెట్టి చూపించవచ్చు.

ఇప్పుడు ఎవరెస్టు వైపు వద్దాం. ఆ శిఖరానికి సంబంధించిన పెద్ద తేదీలు చాలా వరకు మే నెలలోనే ఉంటాయి. టెన్సింగ్, హిల్లరీ ఎక్కింది 1953 మే 29న. మొదటి మహిళ, జపాన్‌కు చెందిన జుంకో తబెయి ఎక్కింది 1975 మే 16న. మన దేశం నుంచి మొదటి మహిళ బచేంద్రీ పాల్ ఎక్కింది 1984 మే 23న. ఇది కాకతాళీయం కాదు. చలికాలమంతా జెట్ స్ట్రీమ్ అనే ఎత్తయిన ప్రచండమైన గాలి ఆ శిఖరాన్ని కొడుతూ ఉంటుంది. వేసవి చివరికి వచ్చేసరికి నైరుతి రుతుపవనాలు పుంజుకునే కొద్దీ ఆ గాలి ఉత్తరానికి తొలగుతుంది. రుతుపవనం హిమాలయం చేరి మంచు కురిపించేలోపు కొద్ది రోజులు గాలి నెమ్మదిస్తుంది. ఎక్కేవాళ్లందరూ ఆ కొద్ది రోజుల కోసమే గుడారాల్లో కాచుకుని ఉంటారు. ఇక్కడ మన రైతు రోహిణి ఎండల్లో దుక్కి దున్ని మృగశిర వాన కోసం చూసేదీ అప్పుడే. ఇద్దరూ ఎదురుచూసేది ఒకే రుతుపవనం కోసం, ఒకరు అది రావాలని, ఒకరు అది కాస్త ఆగాలని.

2014 ఎవరెస్టుకు చాలా చెడ్డ ఏడాది. ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు ఐస్‌ఫాల్‌లో మంచుచరియ విరుచుకుపడి 16 మంది స్థానిక సహాయకులు చనిపోయారు. ఆ వైపు ఆ సీజన్ దాదాపు ఆగిపోయింది. పూర్ణ, ఆనంద్ వెళ్లింది ఉత్తరాన టిబెట్ వైపు నుంచి. నేపాల్ నియమాల ప్రకారం పదహారేళ్ల లోపు వాళ్లకు అనుమతి లేదు, అందుకని పూర్ణకు ఆ దారి ఒక్కటే ఉంది. ఆ దుర్వార్త విన్నాక కూడా ఆ పిల్లలు వెనక్కి రాలేదు. తల్లిదండ్రులూ వెనక్కి రమ్మనలేదు. ఆ తల్లుల గుండె నిబ్బరం గురించి ఎవరూ పుస్తకం రాయలేదు.

ఉత్తరపు దారికి ఒక ప్రత్యేకత ఉంది. అది మొత్తం మంచు కాదు. చివరి భాగంలో, ఎనిమిదిన్నర వేల మీటర్లు దాటాక, శిఖరపు వీపు మీద మూడు రాతి మెట్లు వరసగా వస్తాయి. వాటిలో రెండో మెట్టు నిట్టనిలువు రాయి. అక్కడ 1975లో చైనా బృందం బిగించిన నిచ్చెన పర్వతారోహణ చరిత్రలోనే పేరుపడింది. మంచులో నడవడానికి బూట్లకు కట్టుకున్న ఇనుప ముళ్లతో, చేతికి మందపాటి తొడుగులతో, సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతు గాలిలో ఆ రాయి ఎక్కాలి. రాతి మీద పాదం నమ్మడం అప్పటికే కాళ్లకు అలవాటై ఉండాలి, అక్కడికి వెళ్లి నేర్చుకునేది కాదు. భువనగిరి బండ ఎవరెస్టుకు ఎంత దూరమో అంత దగ్గర అనిపిస్తుంది నాకు, ఆ రాతి మెట్ల సంగతి తెలుసుకున్నప్పటి నుంచి. దారిలో అంతకుముందు ఏళ్లలో చనిపోయినవాళ్ల శవాలు మంచులో అలాగే ఉండిపోయి కనిపిస్తాయి. వాటిని చూసి భయమేసిందని పూర్ణ చెప్పింది. భయం దాచుకోకుండా చెప్పగలగడం ఎంత గొప్పదో ఆడపిల్లలున్న ఇళ్లలో తెలుసు.

స్కాట్లండ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక మనిషిని తలచుకోవాలి. ఆయన పేరు డౌగల్ హాస్టన్. 1975 సెప్టెంబర్ 24న ఇంగ్లండుకు చెందిన డౌగ్ స్కాట్‌తో కలిసి ఎవరెస్టు నైరుతి ముఖం మీదుగా శిఖరం చేరాడు. ఆ శిఖరం మీద నిలబడిన మొదటి స్కాట్లండ్ మనిషి అతనే. ఎడిన్‌బరో పక్కనున్న కరీ అనే చిన్న ఊరు అతనిది. చిన్నప్పుడు ఎక్కడం నేర్చుకున్నది ఆ ఊరి రైలు కట్ట రాతి గోడల మీద. అక్కడి గోడ, ఇక్కడి బండ. పెద్ద కొండలెక్కినవాళ్ల మొదటి కొండ చిన్నదే అవుతోంది.

తెలుగువాళ్లలో పూర్ణ, ఆనంద్ కంటే ముందే ఈ దారిన నడిచిన మనిషి నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలు ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం విడిచాడు. ఆయన పేరు ఇవాళ్టి పిల్లల్లో ఎంతమందికి తెలుసో మీరే మీ ఇంట్లో అడిగి చూడండి.

ఎందుకు మరిచిపోతాం? మన ప్రజలకు ఆటంటే పట్టదని నేను ఒప్పుకోను. జాతరలకు వెళ్లి చూడండి. పాలమూరు వైపు, నడిగడ్డ వైపు, నల్లగొండ పల్లెల్లో ఎడ్ల బండలాగుడు పోటీలకు జనం విరగబడతారు. ఏ ఊరి ఎడ్లు ఎంత దూరం లాగాయో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. కుస్తీ పట్టిన పహిల్వాన్ల పేర్లు తాతల నోట ఇప్పటికీ వినిపిస్తాయి. అయితే మన జ్ఞాపకం తిథిని పట్టుకుంటుంది, జాతరను పట్టుకుంటుంది. ఇంగ్లిషు తేదీకి ఒక జాతర లేకపోతే ఆ తేదీ నిలవదు.

మే 25కు ఆ దురదృష్టం మరీ ఎక్కువ. 2014లో ఆ రోజుకు పార్లమెంటు ఎన్నికల ఫలితాలొచ్చి తొమ్మిది రోజులు. మర్నాడే కొత్త ప్రధాని ప్రమాణ స్వీకారం. ఎనిమిది రోజులకు, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. పత్రికల మొదటి పేజీలన్నీ ఆ వార్తలతో నిండాయి. పిల్లల ఫొటోలు వచ్చాయి, సన్మానాలు జరిగాయి, రాహుల్ బోస్ 2017లో సినిమా కూడా తీశాడు. కానీ ఏటా ఆ తేదీ వచ్చేసరికి బడులు మూసి ఉంటాయి. ప్రార్థన సమయంలో ఇవాళ ఫలానా రోజు అని చెప్పే టీచరమ్మ ఉండదు, వినే పిల్లలుండరు. గాంధీ జయంతికీ, బాలల దినోత్సవానికీ ఉన్న అదృష్టం ఈ తేదీకి లేదు.

బడి తెరిచి ఉన్నా పోయిన తేదీ ఇంకొకటుంది. 1962 సెప్టెంబర్ 4. జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో భారత ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాను రెండు ఒకటితో ఓడించి బంగారు పతకం తెచ్చింది. గోల్స్ కొట్టింది పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా బడిపంతులు. అప్పటికే ఆయన ఒంట్లో జబ్బు ముదిరింది. 1963 జూన్ 11న చనిపోయారు. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఆడారు. అరవై ఏళ్లు దాటినా ఆసియా క్రీడల్లో మన దేశం మళ్లీ ఆ పతకం గెలవలేదు. ఫుట్‌బాల్ మన దేశంలోకి సైనిక దండుల ద్వారా వచ్చింది. 1888లో సిమ్లాలో జరిగిన మొదటి డ్యూరాండ్ కప్పు ఫైనల్లో ఆడిన రెండు జట్లూ స్కాట్లండ్ సైనిక దళాలే, గెలిచింది రాయల్ స్కాట్స్ ఫ్యూసిలియర్స్. అదే కప్పును రహీం శిష్యులైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు తర్వాతి కాలంలో ఒకటికి నాలుగుసార్లు గెలిచింది. ఇదంతా మన రాజధాని కథ. సెప్టెంబర్ 4న ఏ మైదానంలోనైనా పిల్లలకు చెప్పాలి, మరునాడే టీచర్ల రోజు కదా, ఈ పంతులు గారిని తలుచుకోవడానికి అంతకంటే మంచి అదను ఉండదు.

గ్లాస్గోలోనూ మనవాళ్ల తేదీలున్నాయి. 2014 ఆగస్టు 3న అక్కడి కామన్వెల్త్ క్రీడల్లో పారుపల్లి కశ్యప్ బ్యాడ్మింటన్ పురుషుల సింగిల్స్ స్వర్ణం గెలిచాడు. 1982లో సయ్యద్ మోదీ తర్వాత, 32 ఏళ్లకు. 2017 ఆగస్టు 27న అదే ఊళ్లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో పి.వి. సింధు, జపాన్ అమ్మాయి నొజోమి ఒకుహర 110 నిమిషాలు ఆడారు. రెండో గేమ్ చివర 73 షాట్ల ర్యాలీ. సింధు ఓడింది. నేనైతే ఆ ఓటమిని చాలా గెలుపుల కంటే పైన పెడతాను. టీవీ ఉంది కాబట్టి ఆ ఆట ఎప్పటికీ దొరుకుతుంది. భువనగిరి బండ మీద పిల్లల మొదటి రోజు ఏ టీవీలోనూ లేదు. దాన్ని నోటితో చెప్పుకుంటేనే మిగులుతుంది.

ఇక పాలమూరు సంగతి. కోయిల్‌కొండ, ఖిల్లా ఘణపురం, పానగల్లు, అన్నీ గుట్టల మీది కోటలే. నల్లగొండ వైపు దేవరకొండ, రాచకొండ. మన్యంకొండ మెట్లు ఎక్కని కుటుంబం పాలమూరులో తక్కువ. చైత్ర పున్నమికి సలేశ్వరం లోయలోకి రాళ్ల మీదుగా దిగి మళ్లీ ఎక్కే జనంలో ముసలివాళ్లుంటారు, చంకన పిల్లలున్న తల్లులుంటారు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు రాళ్లు మోసిన, మట్టి తవ్విన చేతులు పాలమూరు కూలీలవి. రాయి మన ఒంటికి కొత్త కాదు. బలం లేక మన పిల్లలు వెనకబడటం లేదు. పక్కనున్న గుట్టను ఆటస్థలంగా చూపించే మనిషి కావాలి, ఒక తాడు కావాలి, తాడు పట్టడం తెలిసిన శిక్షకుడు కావాలి. ఈ మూడో మాటను బాగా వినమని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను. శిక్షకుడు లేకుండా, హెల్మెట్ లేకుండా పిల్లలను నున్నటి బండల మీదికి పంపకండి.

ఇంకో మాట కూడా అనాలి. ఈ గుట్టలు క్వారీలకు పోతున్నాయి. గ్రానైటు పలకలై ఓడలెక్కుతున్నాయి. కొట్టేసిన గుట్ట మళ్లీ మొలవదు. ఏ గుట్టను కోసుకోవచ్చో ఏ గుట్టను ముట్టుకోకూడదో నిర్ణయించే రోజున, అది పిల్లలకు ఎక్కడానికి పనికొస్తుందా అన్న ప్రశ్న కూడా ఎవరైనా అడగాలి. ఇప్పటివరకు ఆ ప్రశ్న గట్టిగా వినిపించలేదు.

పూర్ణ 2014తో ఆగలేదు. కిలిమంజారో, ఎల్‌బ్రస్, అకాంకాగువా, కార్‌స్టెన్స్ పిరమిడ్, అంటార్కిటికాలోని విన్సన్, చివరగా 2022 జూన్‌లో ఉత్తర అమెరికాలోని డెనాలి. ఏడు ఖండాలు పూర్తయ్యాయి. అంటే భువనగిరిలో మొదలైన దారి తొమ్మిదేళ్లు సాగింది.

అందుకని నేను అడిగేది చిన్న పని. వచ్చే మే 25న పొద్దున ఐదున్నరకు, బండ వేడెక్కకముందే, భువనగిరి కోట కింద కలుద్దాం. పెద్దవాళ్లు మెట్ల దారిన పైకి, పిల్లలు శిక్షకుల చేతికింద తాళ్ల మీద. ఎనిమిదిన్నరకల్లా అందరూ నీడకు వచ్చేయాలి. బండ మొదట్లో ఒక రాతి పలక ఉండాలి. దాని మీద పూర్ణ, ఆనంద్ పేర్లతో పాటు 2013లో ఇక్కడ శిక్షణ పొందిన వందమందికి పైగా పిల్లల పేర్లన్నీ ఉండాలి, ఎవరెస్టుకు వెళ్లనివాళ్లవి కూడా. వాళ్లలో చాలామందికి ఇప్పుడు పాతికేళ్లుంటాయి, వెతికితే దొరుకుతారు. వాళ్లే వచ్చి చెప్పాలి, ఆ బండ మీద మొదటి అడుగు ఎలా వేశారో. సెలవుల వల్ల రాలేని బడి పిల్లల కోసం జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు ప్రార్థనలో ఐదు నిమిషాలు ఇదే కథ. సర్వేల్ గురుకులం పిల్లలు ముందుండి ఈ పని మొదలుపెడితే మిగతా బడులు వాటంతట అవే వెంట వస్తాయి. మహబూబ్‌నగర్‌లో కోయిల్‌కొండ కింద ఇలాంటిదే జరపాలనుకునే ఉపాధ్యాయులుంటే ఈ ఎండకాలంలోనే మాట్లాడుకోవడం మొదలుపెట్టండి. తాళ్లు, హెల్మెట్లు, శిక్షకులు, అనుమతులు, వీటన్నిటికీ కనీసం ఆరు నెలలు పడుతుంది.